ఎర్ర పువ్వు కింద నీళ్లు

మదనపల్లె,
10 ఫిబ్రవరి 2026, మంగళవారం.

ప్రియమైన దీపికకు,

శ్వేత రాయునది. ఇక్కడ నేను, అమ్మ, నాన్న బాగున్నాం. అక్కడ నువ్వు, చెంగల్రాయుడు మామ, శారదమ్మత్త అందరూ బాగున్నారని తలుస్తాను. ఏడో తరగతి తెలుగు పరీక్షలో రాసినట్టు మొదలుపెట్టింది చూడు అని నవ్వుకుంటావేమో, నవ్వుకో. పరీక్షలో తప్ప నేను ఉత్తరం రాసిందెప్పుడు? కానీ ఫోన్‌లో నాతో కావడం లేదు. మొన్న ఆదివారం చేశాను కదా. "యాల ఇన్ని దినాలు పలకలా?" అని నువ్వు అడగ్గానే నా నోరు దారి తప్పింది. జుట్టు రాలుతోందని, ఎండలు అప్పుడే ముదిరాయని ఏదేదో వాగి పెట్టేశాను.

నీ వాయిస్ మెసేజ్ పోయిన గురువారం వచ్చింది. ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. "శ్వేతా, వచ్చే శుక్రవారం పొద్దున శాంతిపురం చేన్లో బోరు ఏస్తాండాము. నాయన నీళ్లు సూసే మిషనాయప్పను పిలిపించి సూపిచ్చినాడు, ఆయప్ప పై గట్టు కాడ చెప్పినాడు. నేను ఒప్పుకోలా. మా తాత గురుతుకు నాటిన రాయి కాడనే ఏయాలని పట్టుబట్టినా. గేమ్‌లోనే నీళ్లు సూపిచ్చినాడు, సొంత చేన్లో సూపీడా? నువ్వు రావాల, నువ్వే గదా సాక్షి" అన్నావు. తర్వాత గొంతు తగ్గించి, ఇది కూడా ఎండితే మామ చేను అమ్మేస్తానన్నాడని, ఇంకో బోరు వేసే ఓపిక ఆయనకు లేదని చెప్పావు. చెప్పి నవ్వావు. ఆ నవ్వు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను.

ఆఫీసులో పని సాగడం లేదు. ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు కదా మాది, నిన్న రెండు పడకగదుల ఇల్లొకటి గీసి స్నానాలగదికి తలుపు పెట్టడం మరిచిపోయాను. మా జయచంద్ర సారు ఆ కాగితాన్ని పైకెత్తి, "ఏమ్మా, ఈ ఇంట్లోళ్లు నీళ్లు పోసుకోవాలంటే గోడ దూకి పోవాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మన మొదటి ఇల్లు గుర్తొచ్చింది. దానికి తలుపులు మరీ ఎక్కువ, జ్ఞాపకముందా?

ఆదివారం నీ ఫోన్ పెట్టేశాక అటక ఎక్కి నాన్న పాత ట్యాబ్ దించాను. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. అయినా గంటసేపు ఛార్జింగ్ పెడితే వెలిగింది తల్లి. 2020లో, పదో తరగతి పరీక్షలు ఉంటాయో లేదో తెలియని ఆ వేసవిలో, పుంగనూరులో మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ మీద కూర్చుని, దిమ్మె మీద దిమ్మె పెట్టి ఆ గేమ్‌లో మనం కట్టిన ఊరు అందులో అట్లానే ఉంది.

ఆ మట్టి ఇంటి ముందు నిలబడ్డాను. అయ్యో, ఏం ఇల్లు దీపికా అది! ఆరడుగుల గుంత మీద మూత పెట్టినట్టుంది. ఎగిరితే నెత్తికి కప్పు తగులుతుంది. లోపల దీపం లేకపోతే దయ్యాలు ఆ చీకట్లోనే పుడతాయని మనకు తెలియదు. తలుపు సందులోంచి దూరుతున్నాయని నువ్వు, కాదు తలుపు గట్టిది కాదని నేను. ఒకదాని వెనక ఒకటి నాలుగు తలుపులు బిగించాం. నాలుగూ తీసుకుని లోపలికి పోతే మళ్లీ లోపలే దయ్యం. ఒక్క దివిటీ పెట్టి ఉంటే పోయేది.

రెండో ఇల్లు మునెప్ప తాత సలహా మీద కట్టాం. సూర్యుడు ఏ పక్క లేస్తాడో చూసి, "వాకిలి తూర్పుకుండాల, లేకుంటే ఆ ఇంట్లో కాపురం నిలబడదు" అన్నాడు మీ తాత. తూర్పు పక్కంతా లోయ. తాత మాట కాదంటామా? వాకిలి లోయలోకే పెట్టాం. పొద్దున నిద్ర లేచి తలుపు తీసి బయట అడుగు పెట్టడం, పడి చావడం. నేను మూడుసార్లు చచ్చాను, నువ్వు ఐదుసార్లు. అయినా వాకిలి మార్చలేదు, కింద గడ్డిమోపులు పరిచాం. ఆదివారం కూడా నేను అలవాటుగా తలుపు తీసి పడ్డాను. ఒక్కదాన్నే గట్టిగా నవ్వితే అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

తర్వాత నీళ్ల సంగతి. దాని గురించే రాయాలి. రాస్తాను, ఉండు, టీ తాగి వస్తాను.

టీ చల్లారిపోయింది. మన గోధుమ మళ్లు నీళ్లు లేక ఎదగడం లేదు. వేరే ఊరి పిల్లలైతే ఏం చేసేవాళ్లు? ఏరు ఎక్కడుందని వెతికేవాళ్లు. ఆ కొండకు అవతలే ఏరు ఉంది! మనకు తట్టనే లేదు. చేనికి నీళ్లంటే మనకు తెలిసింది బోరు ఒక్కటే కదా. ఆ ఏరు సంగతి మనకు ఎన్నాళ్లకో గానీ తెలియలేదు.

అప్పుడు తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బోరుకు నీళ్ల పాయింటు చూడటంలో ఒకప్పుడు చుట్టుపక్కల ఆయన పేరు చెప్పుకునేవాళ్లు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిస్తే, అది లేచి నిలబడిన చోట బోరు. కానీ అంతకు ముందు ఏడాది మీ చేన్లో ఆయన చూపిన చోట వేసిన బోరులో నీళ్లు పడక దుమ్ము లేచింది. అప్పటినుంచి టెంకాయ ముట్టలేదు, నీళ్ల మాట ఎత్తలేదు. నువ్వేమో ఇంట్లోంచి టెంకాయ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "తాతా, నేను ఈడ నడిపిస్తా, నువ్వు సూస్తా ఉండు" అని ట్యాబ్ ఆయన ముందు పెట్టావు. ఎంత పిచ్చిదానివో! ఆయన అంతకన్నా పిచ్చివాడు, నిజంగానే కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. "నిలబడు, ఆడ తవ్వు" అన్నాడు.

నిట్టనిలువునా కిందికి తవ్వకూడదని ఆ గేమ్ ఆడేవాళ్లకు మొదటి రోజే తెలుస్తుంది. మనం బోరు మాదిరి తవ్వుకుంటూ పోయాం. నలభై దిమ్మెలు దిగాక నిప్పుల మడుగులో పడ్డాం. మన పారలు, ఇనుము, సర్వం కాలిపోయాయి. సరిగ్గా అప్పుడే మామ వాకిట్లో చెప్పులు విడుస్తూ, "గేమ్‌లో గూడా ఎండు బోరేనా నాయనా" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. తాత మొహం చూశావు కదా నువ్వు. నేనూ చూశాను. సాయంత్రం పోయేముందు నీ చేత ఇంకోచోట ఎర్ర పువ్వు ఒకటి నాటించి, "రేపు ఆడ సూడండి" అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆ పువ్వు పీకి నువ్వు తవ్వావు. పద్నాలుగో దిమ్మెకు నీళ్లు వచ్చాయి.

నీ కేక వీధి చివరి దాకా వినబడింది. తాత ఆ ట్యాబ్‌ను చేతుల్లోకి తీసుకుని అద్దం మీద వేలితో తడిమాడు, తడి తగులుతుందేమోనన్నట్టు. నువ్వు ఏడ్చావు. ఆ నీళ్లు ఇప్పటికీ ఉన్నాయి, ఆదివారం చూశాను. ఎంత తోడినా తగ్గవు. గోధుమలు పండి పండి నిలబడి ఉన్నాయి. పక్కన కొండ గోడకు మూడు దిమ్మెలు మాత్రం వేరే రంగులో ఉన్నాయి. అది వేరే సంగతి.

పుంగనూరు,
12 ఫిబ్రవరి, గురువారం.

పై కాగితాలు పోస్టులో వేద్దామని నిన్న వెళ్లాను. ఎప్పుడు చేరుతుందో చెప్పలేమన్నారు. మీ బోరు రేపే. వెనక్కి తెచ్చుకుని, ఇవాళ సెలవు పెట్టి మీ ఊరి మీదుగా పోయే కుప్పం బస్సెక్కాను. పుంగనూరులో దిగే పని లేదు. అయినా దిగాను. బస్సు కదిలిన కొద్దీ కాళ్లు ఆడించడం ఎక్కువైంది, పక్క సీటామె విసుక్కుంది.

మన వీధికి వెళ్లాను. మధ్య గోడ ఎత్తు పెంచేశారు, కూర్చోవడానికి లేదు. ఎదురింటి రత్నమ్మవ్వ నన్ను గుర్తుపట్టింది. కాఫీ ఇచ్చింది. ఇచ్చి ఏం అడిగిందనుకున్నావు? "మీ ట్యాబులో మునెప్ప బోరేసి నీళ్లు తెప్పిచ్చినాడే, నిజమేనా అమ్మా అది? సచ్చేదాకా చెప్పుకున్యాడు ఆయప్ప" అంది. ఔనవ్వా అన్నాను. కాఫీ సగంలోనే వదిలేసి లేచాను.

ఇప్పుడు బస్టాండు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఇది: రాయి దగ్గర బోరు వేయించొద్దు. మిషనాయన చెప్పిన పై గట్టు దగ్గర వేయించు. తాత రాయి నాటి నాలుగేళ్లు దాటింది, అప్పటి నీళ్లు ఇప్పుడు ఉంటాయా? చుట్టూ ఎన్ని బోర్లు పడలేదు? మిషను నేల లోపల ఏముందో కొలిచి చెబుతుంది. మా ఆఫీసుకొచ్చే వాళ్లంతా ఇప్పుడు అట్లానే చూపిస్తున్నారు. పైగా చేను మామది, ఆయన మాటకు విలువ ఇవ్వాలి కదా.

చదివితే నాకే నచ్చడం లేదు. నువ్వైతే నన్ను కడిగేస్తావు. "ఈ మాట చెప్పేదానికి సెలవు పెట్టి వచ్చినావా?" అంటావు. సరే, ఇంతకంటే నాకు రాయడం చేతకావడం లేదు. మామకు, అత్తకు నమస్కారాలు చెప్పు. వేళకు తిను. ల్యాబ్‌లో ఆ మందుల వాసనకు తలనొప్పి అన్నావు, తగ్గిందా?

ఇట్లు,
నీ మీద ఎప్పుడూ ప్రేమ తగ్గని
శ్వేత.

తా.క. పలమనేరు దాటాం. ఇంకో గంటన్నరలో మీ వాకిట్లో ఉంటాను. ఈ ఉత్తరం నీకిచ్చేది నేనే. నువ్వు చదువుతున్నంతసేపూ ఎదురుగానే ఉంటాను, కాబట్టి ఇది రాయకుండా ఇవ్వడానికి లేదు.

ఆ నీళ్లు నేను పోశాను దీపికా.

ఆ రోజు పొద్దున నువ్వూ అత్తా రేషన్ షాపు దగ్గర వరుసలో నిలబడి ఉన్నారు. ట్యాబ్ నా దగ్గర ఉంది. తాత మొహం నా కళ్లముందునుంచి పోలేదు. కొండ అవతల ఏరు ఎన్నాళ్లకో తెలిసిందని పైన రాసింది అబద్ధం, నాకు ఆ పొద్దునే దొరికింది. మళ్లీ ఇనుము తవ్వి రెండు బకెట్లు చేశాను. పైన మట్టి కదిలితే నువ్వు కనిపెడతావని, కొండ పక్కనుంచి సొరంగం తవ్వి ఎర్ర పువ్వు కిందికి వెళ్లి, గుంత చేసి, రెండు బకెట్లూ పోశాను. ఆ గేమ్‌లో రెండు బకెట్లు గుంత ఎదురు మూలల్లో పోస్తే చాలు, ఎంత తోడినా తగ్గని నీళ్లు అవుతాయి. సొరంగం మూసేటప్పుడు కంగారులో మట్టికి బదులు రాళ్లు పెట్టాను. ఆ మూడు దిమ్మెలు అవే.

అంతటితో ఆగి ఉంటే ఇది పిల్లచేష్ట. ఆగలేదు. మరుసటి ఏడాది మీరు పుంగనూరు ఖాళీ చేసి ఊరికి వెళ్లే ముందు రోజు తాత ఒక్కడే మా ఇంటికొచ్చాడు. నువ్వు లేవు. అరుగు మీద కూర్చుని, "అమ్మా శ్వేతా, ఆ పెట్టె మీదే గదా, నీకు తెలుస్తాది. అది ఊట నీళ్లేనా? నువ్వు ఔనంటే మళ్లీ టెంకాయ పడతా, లేదంటే ఇంక ఆ పని జోలికి పోను" అన్నాడు. అంత పెద్దమనిషి నన్ను అడిగాడే! చేతిలో చెయ్యేసి, ఊటే తాతా అన్నాను. ఆయన లేచి నిటారుగా నడుచుకుంటూ పోయాడు. ఆ వారంలోనే మీ చేన్లో రాయి నాటాడని నువ్వే ఫోన్‌లో చెప్పావు. ఆయన పోయిన రోజు నేను శాంతిపురానికి రాకపోవడానికి కారణం జ్వరం కాదు, ఇదే.

ఆ రాయి కింద నీళ్లు లేవని నేను అనడం లేదు. ఉండొచ్చు. మీ తాత చేతిలో విద్య ఉందో లేదో నాకేం తెలుసు? పువ్వు కింద ఉన్నవి మాత్రం నా నీళ్లు, నేను సాక్షిని కాను. ఇది చదివాక కూడా రాయి దగ్గరే వేయిస్తానంటే నేను నోరెత్తను, రేపు నీ పక్కనే నిలబడతాను. నన్ను వాకిట్లోంచే పంపించేసినా పోతాను, తప్పు నాది. చెప్పకుండా మాత్రం బోరు లారీ ముందు నిలబడలేను. అప్పుడు నాకు రెండు బకెట్లు సరిపోయాయి. రేపు దుమ్ము లేస్తే నేను పోయడానికి ఏమీ ఉండదు.