ముప్పై మూడు రోజులు

స్కేల్‌బెక్,
పదో నెల 7, 1963

ప్రియమైన అమోస్,

ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత నా చేతిరాత చూసి నీ కప్పులో టీ ఒలికితే ఒలకనీ. ప్రేమ పొంగుకొచ్చి రాయడం లేదు, పని పడి రాస్తున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే నీకూ నాకూ భ్రమలుండవు.

వచ్చే ఏడాది ఐదో నెలకి ఒట్టు వేయని, ఆయుధం పట్టని మన ఊరి క్వేకర్ల ప్రార్థన మీటింగ్ మొదలై మూడు వందల ఏళ్లు నిండుతాయి. ఆ రోజు మీటింగ్ హాలు గోడకి తగిలించడానికి రిగ్ కుటుంబ వంశవృక్షం గీస్తున్నాను. మొత్తం పదకొండు తరాలు, అన్నిటికంటే పైన జెర్వేస్ రిగ్. నాన్న చెప్పేవాడు గుర్తుందా? రాజుకి విధేయుడినని బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యమంటే, "నిజం చెప్పేవాడికి ఒట్టెందుకయ్యా?" అన్నాడట. కోట జైల్లో పడేస్తే అక్కడే జ్వరంతో పోయాడట. వృక్షం నెత్తిన "ఒట్టు వేయని వంశం" అని పెద్ద అక్షరాలతో రాశాను.

మనవాళ్లు పడ్డ కష్టాలు రాసిపెట్టిన బాధల పుస్తకంలో ఆయన గురించి రెండే వాక్యాలున్నాయి. 1663 ఏడో నెలలో పట్టుకెళ్లారు. 1664 మొదటి నెల ఇరవై ఏడున జైల్లో చనిపోయాడు. కోర్టులో ఆయన అన్న మాటలు కావాలి నాకు. ఆ కాగితాలు ప్రెస్టన్‌లో, రికార్డుల ఆఫీసులో ఉన్నాయట. అది నీ ఇంటికి రెండు వీధుల అవతలేనని విన్నాను. తుంటి నొప్పితో నేను బస్సెక్కలేను. నువ్వు వెళ్లి నకలు రాసి పంపు.

ఆరోగ్యంగానే ఉన్నావనుకుంటాను.

నీ అక్క,
ప్రిస్కిల్లా

*

ప్రెస్టన్,
అక్టోబర్ 15, 1963

ప్రియమైన అక్కా,

టీ ఒలకలేదు. నీ అంకెల నెలలు చూసి నవ్వు మాత్రం వచ్చింది. ఊరందరికీ అక్టోబర్ అయితే నీకొక్కదానికే పదో నెల! జనవరి అంటే ఏదో రోమన్ దేవుడికి దండం పెట్టినట్టేనని నాన్న భయపడేవాడు. నాన్న పోయినా ఆ భయాన్ని నువ్వు భద్రంగా మేపుతున్నావు.

సరే, పదకొండో తరంలో ఎవరెవరి పేర్లున్నాయి? చెప్పక్కర్లేదులే, పెదనాన్న కొడుకు సైలస్ మొన్న కనబడి చెప్పాడు. "మీ అమ్మానాన్నల కింద ఒక్కటే కొమ్మ ఉందిరా. ప్రిస్కిల్లా ఒక్కగానొక్క సంతానమేమో అనుకుంటారు చూసినవాళ్లు" అన్నాడు. 1940లో నేను చెయ్యెత్తి ప్రమాణం చేసి సైన్యంలో చేరాను, కాదనను. దానికి అసలు పుట్టనే లేదంటావా?

అమ్మ నన్ను చూడనంది. 1942లో రెండు రోజుల సెలవు దొరికితే యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చాను. నువ్వు గుమ్మంలోకి వచ్చి "అమ్మ నిన్ను చూడనంటోంది. ఆ కోటుతో లోపలికి రావద్దంది" అన్నావు. మెట్టు మీద వానలో కాసేపు నిలబడి వెళ్లిపోయాను. మర్నాడే అమ్మ పోయింది. అది అమ్మ ఇష్టం, ఇన్నేళ్లూ దాన్ని మింగి బతికాను. కానీ ఈ చెట్టు గీసేది అమ్మ కాదు, నువ్వు. నా పేరు రాయి, నకలు పంపుతాను. బేరం అంతే.

నీ తమ్ముడు (కాగితం మీద కాకపోయినా),
అమోస్

*

స్కేల్‌బెక్,
పదో నెల 24, 1963

ప్రియమైన అమోస్,

చచ్చినవాళ్ల కాగితాలకి బేరమా? సైన్యంలో ఇదే నేర్పారా?

మన పద్ధతి నీకు తెలియనిది కాదు. తప్పు చేసినవాడు తన తప్పును తన చేత్తో కాగితం మీద రాసి, మీటింగ్‌లో లేచి నిలబడి చదవాలి. "ఇది నేను చేశాను, ఇది తప్పు" అనాలి. ఆ కాగితం మీటింగ్ పెట్టెలోకి వెళుతుంది, మనిషి మళ్లీ మనలోకి వస్తాడు. మూడు వందల ఏళ్లలో ఎంతోమంది రాశారు. ఇప్పటి పెద్దలు మెత్తబడిపోయి నిన్ను ఏమీ అడగలేదు. నేను మెత్తబడలేదు. నాలుగు వాక్యాలు రాసి పంపు, నీ పేరు సిరాతో రాస్తాను. రాయకపోతే పెన్సిల్‌తో కూడా రాయను.

మన పూర్వీకులు ఆ ఒక్క మాట కోసం జైళ్లలో కుళ్లిపోయారు. పశువుల్ని తోలుకుపోయినా, మగ్గాలు విరగ్గొట్టినా ఒట్టు వేయలేదు. నువ్వేమో ఆఫీసరు అడగగానే చెయ్యెత్తావు.

ఇంతకీ అమ్మ నీలం టీపాట్, నువ్వు ఎత్తుకుపోయావే, ఇంకా ఉందా, పగలగొట్టావా?

నీ అక్క,
ప్రిస్కిల్లా

*

ప్రెస్టన్,
డిసెంబర్ 2, 1963

ప్రియమైన అక్కా,

టీపాట్ ఉంది. ఎత్తుకుపోలేదు, అమ్మే ఇచ్చింది.

రికార్డుల ఆఫీసుకి వెళ్లాను. నీ కోసం అనుకోకు. నన్ను చెట్టెక్కనివ్వని ఆ మహానుభావుడు కోర్టులో ఏమన్నాడో చూద్దామని వెళ్లాను. అక్కడ మిస్ ఆష్‌క్రాఫ్ట్ అనే అమ్మాయి ఓపిగ్గా ఆ కోడిగీతలు చదివి చెప్పింది. కుర్చీలోంచి పడిపోకుండా గట్టిగా పట్టుకుని చదువు.

1663 సెప్టెంబర్: స్కేల్‌బెక్ నేతగాడు జెర్వేస్ రిగ్‌ని హాజరుపరిచారు. న్యాయమూర్తి ముందు టోపీ తీయలేదు. ఒట్టు వేయనన్నాడు. జైలుకి పంపారు. ఇంతవరకూ నాన్న చెప్పినట్టే ఉంది.

1664 ఫిబ్రవరి 23: అదే జెర్వేస్ రిగ్ టోపీ తీసి, బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. వదిలేశారు.

కింద సంతకం బదులు ఆయన పెట్టిన గీత కూడా ఉంది. నీ చెట్టు మొదట్లో ఉన్నవాడే ఒట్టు వేశాడక్కా. ఆయన్నీ చెరిపేస్తావా, లేక తప్పు రాసివ్వమని సమాధికి ఉత్తరం రాస్తావా?

నీ తమ్ముడు,
అమోస్

*

స్కేల్‌బెక్,
పన్నెండో నెల 9, 1963

అమోస్,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు. అబద్ధం రాయడం నాకు అలవాటు లేదు.

నువ్వు నా మీద కక్షతో ఏమైనా చేస్తావని తెలుసు గానీ, ఇంతకు దిగజారతావనుకోలేదు. జెర్వేస్ పోయింది 1664 మొదటి నెలలో. పుస్తకం నా ముందే ఉంది. మొదటి నెలలో పోయినవాడు రెండో నెలలో వచ్చి ఒట్టెలా వేస్తాడు? దెయ్యమై వచ్చి వేశాడా? ఆ గీత నీ పెన్నుతో నువ్వే గీశావా, లేక ఆ అమ్మాయి చేత గీయించావా?

కావలసినన్ని తిట్లు నన్ను తిట్టుకో, పడతాను. జైల్లో చచ్చినవాడి నోట్లో ఒట్టు పెట్టకు. ఇక రాయకు.

ప్రిస్కిల్లా

*

ప్రెస్టన్,
డిసెంబర్ 14, 1963

అక్కా,

ఇదే ఆఖరి ఉత్తరం, చదివి పొయ్యిలో వెయ్యి.

నీ ఉత్తరం మిస్ ఆష్‌క్రాఫ్ట్‌కి చూపించాను. ఆ పిల్ల కాసేపు నవ్వాపుకుని, "ఏమీ అనుకోకండి సార్, ఈ పొరపాటు క్వేకర్లే చేస్తారు. మిగతావాళ్లు పేర్లు రాస్తారు కాబట్టి వాళ్లకి ఈ బాధ లేదు" అంది. ఆ కాలంలో ఏడాది మార్చిలో మొదలయ్యేదట. వాళ్ల మొదటి నెల మార్చి. అందుకే కోర్టు కాగితంలో ఆ ఫిబ్రవరికి 1663 అనే ఉంది, నాకు చదివి చెప్పేటప్పుడు ఆ అమ్మాయే మన లెక్కకి మార్చి 1664 అంది. తర్వాత వందేళ్లకి దేశం లెక్క మార్చింది, మనవాళ్లూ అంకెలు మార్చుకున్నారు. జీవితమంతా అంకెల నెలలు రాసిన నీకు, పాత పుస్తకాలన్నీ కాపలా కాసే నీకు, ఆ సంగతి తట్టలేదు. నువ్వు నన్ను దొంగ అన్నది ఈ లెక్క మీద.

ఇప్పుడు నిదానంగా లెక్కపెట్టు. ఫిబ్రవరి 23న ఒట్టు వేసి బయటికొచ్చాడు. మార్చి 27న అదే జైల్లో చచ్చిపోయాడు. మధ్యలో ముప్పై మూడు రోజులు. రెండోసారి పట్టుకున్నట్టు కోర్టు కాగితాల్లో ఎక్కడా లేదు, ఆ అమ్మాయి మూడు కట్టలు వెతికింది. అంటే తనంతట తానే తిరిగి వెళ్లాడు. అయిదు నెలలు జైల్లో మగ్గి ఇంటికొచ్చినవాడు మళ్లీ జైలుకి ఎందుకు వెళ్లాడు? ఇంట్లో ఏం జరిగింది?

మీటింగ్ పెట్టె తాళం నీ దగ్గరే ఉంది. చూస్తే చూడు, లేకపోతే లేదు. నా పేరు మాత్రం రాయకు. నాకిప్పుడు ఆ చెట్టు మీద కోరిక పోయింది.

అమోస్

*

స్కేల్‌బెక్,
మూడో నెల 9, 1964

ప్రియమైన అమోస్,

మూడు నెలలు పట్టింది ఈ ఉత్తరానికి. పొయ్యిలో వేసినా సరే, చదివి వెయ్యి.

నువ్వు అబద్ధాలకోరువని రుజువు చేద్దామనే పెట్టె తెరిచాను. మొదటి నెల సంగతి అప్పుడే తేలిపోయింది. ఒక పాత కాగితంలో మొదటి నెలలో గొర్రెపిల్లలు పుట్టాయని, రెండో నెలలో చెట్లు పూశాయని రాసి ఉంది. జనవరిలో ఈ కొండల్లో ఏం పూస్తుంది? ఆ కాగితాల్ని ముప్పై ఏళ్లుగా దుమ్ము దులుపుతున్నాను. చదవాలని ఎప్పుడూ అనిపించలేదు.

పెట్టె అడుగున 1665లో తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం ఒకటి దొరికింది. రాసింది టేబిథా రిగ్, జెర్వేస్ అక్క. ఆమె మాటలు నా భాషలో రాస్తున్నాను:

"నా తమ్ముడు జైలు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. మంచు పడుతోంది. 'అక్కా, నేనే, తలుపు తియ్యి' అన్నాడు. ఒట్టు వేసినవాడు నాకు తమ్ముడు కాడన్నాను. గడియ తీయలేదు. మూడు వారాలు ఊళ్లో ఒకరి కొట్టంలో, ఒకరి పశువుల పాకలో పడుకున్నాడు. రోజూ వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. తర్వాత రావడం మానేశాడు. జైలుకి వెళ్లి, ఒట్టు వెనక్కి తీసుకుంటున్నాను, నన్ను లోపలికి రానివ్వండని జైలరుని అడిగాడట. వాళ్లు రానిచ్చారు. అక్కడే పోయాడు. ఈ పని నేను చేశాను. ఇది తప్పు."

బాధల పుస్తకంలో ఈ ముక్క ఒక్కటీ లేదు. శత్రువులు మనకి చేసినవన్నీ పుస్తకంలో రాశారు, మనం మనవాళ్లకి చేసినవి పెట్టె అడుగున దాచారు.

టేబిథాని తిట్టుకున్నాను. తిడుతుంటే నాకు తెలిసింది, ఆవిడ నా కంటే నయం. గడియ తీయలేదు గానీ, అబద్ధమాడలేదు.

అందుకే నేనూ ఒక కాగితం రాశాను. పోయిన ఆదివారం మీటింగ్‌లో లేచి నిలబడి చదివాను. అవును, మన పద్ధతిలో 'మొదటి రోజు' అనకుండా ఆదివారం అనే రాశాను, నీ సుఖం కోసం. ఇదీ ఆ కాగితం:

"1942 మూడో నెలలో మా అమ్మ మంచంలో ఉంది. మూడు రోజుల నుంచి 'అమోస్ వచ్చాడా?' అని అడుగుతూనే ఉంది. తలుపు చప్పుడైంది. 'ఎవరే?' అంది. నేను వెళ్లి చూస్తే నా తమ్ముడు సైనికుడి కోటులో నిలబడి ఉన్నాడు. అమ్మ నిన్ను చూడనంటోందని వాడితో చెప్పాను. అమ్మ అలా ఎప్పుడూ అనలేదు. లోపలికొచ్చి, 'పాలవాడమ్మా' అన్నాను. 'పాలవాడైతే అంతసేపు వానలో నిలబడ్డాడేమే?' అంది అమ్మ. కిటికీలోంచి వాడి టోపీ కనబడింది కాబోలు. నేను కర్టెన్ లాగేశాను. మర్నాడు పోయేముందు కూడా వాడినే అడిగింది. జీవితంలో ఒక్క ఒట్టూ వేయని ఈ నోటితోనే ఇద్దరికీ ఆ అబద్ధం చెప్పాను. ఇది నేను చేశాను. ఇది తప్పు."

చదివి కూర్చున్నాను. బయటికొచ్చాక సైలస్ "ఇరవై రెండేళ్లు పట్టిందా నీకు?" అని వెళ్లిపోయాడు. వాడన్నది నిజమే.

"ఒట్టు వేయని వంశం" అన్న అక్షరాల్ని బ్లేడుతో గీకేశాను. చెట్టు గీసిన తోలు కాగితం కాస్త చిరిగింది, చిరగనీ. టేబిథా పేరు జెర్వేస్ పక్కన రాశాను. నీ పేరు నా పక్కన రాశాను, సిరాతో. నువ్వు వద్దన్నావు, అయినా రాశాను. చెరిపెయ్యాలంటే నువ్వే వచ్చి చెరుపు.

క్షమించమని అడగను. ఆ మొహం నాకు లేదు. తిట్టాలనుంటే మాత్రం ఉత్తరంలో తిట్టకు, ఎదురుగా కూర్చుని తిట్టు. నీలం టీపాట్ తీసుకురా, అది అమ్మ నీకిచ్చిందని నాకూ తెలుసు. తలుపు తట్టక్కర్లేదు. గడియ ఊడదీయించేశాను. ఏ కోటు వేసుకొచ్చినా సరే.

నీ అక్క,
ప్రిస్కిల్లా