నాన్న కారు నంబరు

థార్న్‌షా,
మార్చి 11, మంగళవారం.

తమ్ముడు రస్సెల్‌ని దీవించి మీ అక్క గ్లెనిస్ రాసేది. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టాలి కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. నిజానికి మీ బావ కీత్‌కి నడుం పట్టేసింది, నాకు నిద్ర లేదు, ఇంట్లో పూర్తి కులాసాగా ఉన్నది కుక్క ఒక్కటే. నువ్వు ఒళ్ళు చేశావని రాశావు. జైలు కూడు తిని లావెక్కినవాడు మన వంశంలో నువ్వే మొదటివాడివి, సంతోషం.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ఉన్ని సాక్సులు పంపాను, గేటు దగ్గర తిప్పి పంపేశారు. నల్లవైతేనే లోపలికి రానిస్తారట, అవి నీలం. నా మోకాలు మునుపటిలాగే ఉంది. నాన్న అద్దె ఇంటి తాళాలు ఇంకా ఊరి కౌన్సిల్‌కి అప్పగించలేదు, నెలాఖరుదాకా గడువు ఇచ్చారు. షెడ్డులో ఆయన డబ్బాల నిండా దాచిన మేకులూ నట్లూ చూస్తే నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. రెండుసార్లు వెళ్ళి, ఆయన స్టూలు మీద కాసేపు కూర్చుని, తిరిగొచ్చేశాను. చర్చి ఫాదర్ కనిపించి నిన్ను అడిగాడు. కప్పు మీది సీసం రేకులు నువ్వు పీక్కుపోయాక మూడు చలికాలాలు కారే నీళ్ళకి బకెట్లు పెట్టుకున్న మనిషి, అయినా నిన్ను అడిగాడు. అది గుర్తుపెట్టుకో.

ఇక ఆ కార్ పార్కు జరిమానా సంగతి. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. నాన్న పోయిన పన్నెండో రోజున, సానుభూతి కార్డుల మధ్యలో వచ్చిందా ఉత్తరం. నా కారు ఆసుపత్రి గేటు దాటి లోపలికి వెళ్తున్న ఫోటో, మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. బయటికి వస్తున్న ఫోటో, రాత్రి ఏడూ యాభై. నాలుగూ ఇరవై దాకానే డబ్బు కట్టారు, కాబట్టి వంద పౌండ్లు, త్వరగా కడితే అరవై. నేను వాళ్ళకి రెండు ముక్కలు రాశాను, ఆ రోజు మా నాన్న చనిపోయాడని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "మీకు కలిగిన లోటుకు చింతిస్తున్నాము, అయితే" అని మొదలుపెట్టి ఒక పేజీ రాశారు. ఆ 'అయితే' దగ్గరే నేను కాగితం మడిచేశాను. ఇప్పుడు పైన ఉన్న తీర్పరికి అప్పీలు పెట్టుకోవాలి, శుక్రవారంతో గడువు సరి. అరవై పారేసి ఊరుకోమంటాడు కీత్. నాన్న సంగతి తెలిసీ ఆ మాట ఎలా అనగలిగాడో. ఉచితంగా ఆపుకునే చోటు కోసం ఊరంతా రెండు చుట్లు తిరిగి, మిగిలేదానికి రెట్టింపు పెట్రోలు కాల్చిన మహానుభావుడు కదా ఆయన.

నువ్వు రాసి పంపిన నాలుగు పేజీల అప్పీలు అందింది. జైల్లో మీ బ్లాకులో అందరికీ అర్జీలు నువ్వే రాసి పెడుతున్నావని విన్నాను, చెయ్యి బాగా తిరిగింది. చదువుతుంటే గర్వంగా ఉంది, ఆ బుద్ధేదో పదేళ్ళ ముందు ఉంటే బాగుండేది. కానీ మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. "నాలుగూ ఇరవై తర్వాత ఆమె నాలుగో అంతస్తులో, ఆఖరి ఊపిరి తీస్తున్న తండ్రి చేతిని పట్టుకుని కూర్చుని ఉన్నందున, కిందికి వచ్చి డబ్బు కట్టడం సాధ్యపడలేదు" అని రాశావు. కింద, పైన చెప్పినదంతా నిజమని నేను సంతకం పెట్టాలి.

ఆరు రోజులుగా ఆ కాగితం బ్రెడ్ డబ్బా కింద ఉంది. పెన్ను తీస్తాను, పెట్టేస్తాను.

రస్సెల్, నేను ఆ సంతకం పెట్టలేను. నాలుగూ ఇరవై తర్వాత డబ్బు కట్టిన రుజువు ఏమైనా ఉందా అని నువ్వు అడిగితే లేదని రాశాను. ఉంది. ఆ టికెట్టు నా పర్సులో ఉంది. దాని మీద టైము నాలుగూ ముప్పై ఒకటి. నాన్న పోయిన టైము నర్సు నాలుగూ ముప్పై అయిదు అని రాసుకుంది.

అంత్యక్రియల రోజు దహనవాటిక దగ్గర నీ చేతికి జైలు ఆఫీసర్ చెయ్యి గొలుసుతో కలిపి ఉంది. నీకు వాళ్ళిచ్చింది ఇరవై నిమిషాలు. "నాన్న ఒక్కడే ఉన్నాడా అక్కా?" అని అడిగావు. రెండేళ్ళుగా ఆయన నిన్ను చూడడానికి రాలేదు, ఉత్తరం ముక్క రాయలేదు, ఇక రాయడు కూడా. నీ ముఖం చూసి నేను నిజం చెప్పలేకపోయాను. చెయ్యి పట్టుకునే ఉన్నానని, నీ పేరు తలుచుకుంటూ పోయాడని చెప్పాను. నువ్వు ఏడ్చావు. ఆ ఆఫీసర్ తల తిప్పుకున్నాడు. మంచిపనే చేశాననుకుంటూ ఇంటికొచ్చాను.

జరిగింది ఇది. నాలుగుంపావుకి ఆయనకి కాస్త తెలివొచ్చింది. గోడ మీది గడియారం చూశాడు. "కారుకి ఎన్నింటిదాకా కట్టావే?" అన్నాడు. చెప్పాను. "మరి ఇక్కడ కూర్చున్నావేం? పోయి చూసుకో. ఆ దొంగలకి అప్పనంగా ఎందుకు పొయ్యాలి?" అన్నాడు. పోతే పోయింది నాన్నా అన్నాను. దానికి కోపం వచ్చింది. ఊపిరి అందక ఒకటికి రెండుసార్లు ఆగి, "మన రస్సెల్‌గాడుంటే వాళ్ళ తాట తీసేవాడు" అన్నాడు. "వెళ్ళు" అన్నాడు.

నేను వెళ్ళాను. అయిదు నిమిషాల పని అనుకున్నాను. లిఫ్టు రెండో అంతస్తులో ఆగిపోయి కూర్చుంది. మెషీన్ దగ్గర నా ముందు ఒక ముసలాయన చిల్లర వేస్తున్నాడు, అది ఉమ్మేస్తోంది, ఆయన మళ్ళీ వేస్తున్నాడు. నా వంతు వచ్చేసరికి కారు నంబరు కొట్టమంది. కొట్టాను, ఇంకో నాలుగు గంటలకి డబ్బు కట్టాను, టికెట్టు చించుకుని మెట్లెక్కి పరిగెత్తాను. వార్డు తలుపు దగ్గర నర్సు బెర్నీ ఎదురొచ్చింది. "ఇప్పుడేనమ్మా, నేను పక్కనే ఉన్నాను" అంది. నేను ఏమన్నానో తెలుసా? "కారుకి కట్టి వచ్చాను" అన్నాను.

ఆ తర్వాత ఆయన పక్కన మూడు గంటలు కూర్చున్నాను, అది మాత్రం అబద్ధం కాదు. కానీ ఆ టికెట్టుకీ ఆయన పోవడానికీ మధ్య ఉన్న నాలుగు నిమిషాలు లేను.

మరి డబ్బు కడితే జరిమానా ఎందుకొచ్చిందని అడుగుతావు. ఉత్తరం వచ్చిన రోజు టికెట్టు తీసి చూసేదాకా నాకూ తెలియలేదు. నేను కొట్టింది నా కారు నంబరు కాదు, నాన్న పాత రోవర్ కారు నంబరు. మోర్‌క్యాంబ్ బీచికి వెళ్ళిన ప్రతి ఎండాకాలం వెనక సీట్లో మన ఇద్దరి చేతా వల్లె వేయించేవాడు గుర్తుందా? తప్పిపోతే ఏడవకండి, ఈ నంబరు చెప్పండి, ఎవరో ఒకరు మీ నాన్న దగ్గరికి తీసుకొస్తారు అనేవాడు. నువ్వు ఒకసారి ఐస్‌క్రీం బండివాడికి చెప్పి నిజంగానే తిరిగొచ్చావు. ఆ కారు తుక్కుకి పోయి ఆరేళ్ళయింది. నా చేతుల్లోంచి మాత్రం ఆ నంబరు పోలేదు.

ఈ ముక్క రాస్తే తీర్పరి ఒప్పుకుంటాడని నాకు తెలుసు. డబ్బు కట్టాం, నంబరు తప్పు కొట్టాం, అంతే. టికెట్టు అచ్చు రోజురోజుకీ వెలిసిపోతోంది, అందుకని లైబ్రరీలో కాపీ తీయించి దీనితో పెడుతున్నాను. మూడో పేజీ మాత్రం మార్చి రాయి. కిందికి వెళ్ళాను అని రాయి. గురువారం ఫోనులో చదివి వినిపిస్తే ఇక్కడ దించుకుని సంతకం పెడతాను. ఫోను చేయబుద్ధి కాకపోతే చేయకు, అరవై కాదు వందా కట్టేస్తాను, నిన్ను ఏమీ అనుకోను.

ఆయన నీ పేరు ఎత్తాడన్నది మాత్రం నిజం. నేను చెప్పినంత తీయగా ఎత్తలేదు, అంతే. నీ మీద నమ్మకంతోనే ఎత్తాడు.

ఆ కాపీ ఒకసారి సరిగ్గా చూడు. దాని ప్రకారం నాన్న కారుకి రాత్రి ఎనిమిదిన్నర దాకా అక్కడే ఉండే హక్కుంది.

ఇట్లు,
నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన
మీ అక్క,
గ్లెనిస్.