తొట్టె కింద జాగా

బొంబాయి,
ఆషాఢం, 1943

ప్రియమైన రాజమణికి,

ఆడపిల్ల పుట్టిందన్న నీ ఉత్తరం చేతిలో పట్టుకొని మిల్లంతా తిరిగాను. సాంచాల దగ్గర గుడ్డ నేస్తున్నవాళ్లందరికీ బెల్లం పంచాను. "లచ్చిందేవి వచ్చింది భాయ్!" అని మన సిరిసిల్ల ఓదెలు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఊరికి రావడానికి రజా అడిగితే మాత్రం మా మీద పెత్తనం చేసే జాబరు మొహం తిప్పుకున్నాడు. యుద్ధానికి గుడ్డ కావాలట, దసరా దాకా ఎవరినీ వదలరట. వాడి మొహం మండ!

ఒక్కటి గుర్తుంచుకో. నేను వచ్చేదాకా బిడ్డకు పేరు పెట్టొద్దు. పేరు అనుకొనే ఉన్నాను, కాగితం మీద రాయను. నా నోటితో దాని చెవిలో చెప్పాలి. అంతవరకు ఏదో ఒక ముద్దుపేరుతో పిలుచుకో. వానలు మొదలయ్యాయి, బిడ్డ జర పైలం.

నీ ఇస్తారి


అమీర్‌పేట,
శ్రావణం

నా చేయి పట్టిన మీకు రాజమణి నమస్కరించి రాసేది.

మీరు నవ్వుతారు. నేను పచ్చబొట్టు పొడిపించుకున్నాను! పంజాగుట్ట బాట పక్కన లచ్చమ్మ అనే ముసలామె తడకల పందిరి వేసుకొని కూర్చుంటుంది. ఎవరైనా పోయి చేయి చాపితే చాలు. కుట్టుపనికి గుడ్డలు తెచ్చుకొని వస్తూ వస్తూ పోయి పీట మీద కూర్చున్నాను.

"ఎవలన్న తోడు రాలేదా బిడ్డా?" అన్నది.

"లేరవ్వా."

"మరి చెయ్యి ఎవలు పడ్తరు?" అని తన మోకాళ్ల మధ్యనే నా చేయి ఇరికించుకున్నది. నొప్పి తెలియకుండా పాట ఎత్తుకుంటే, పాట వద్దవ్వా అన్నాను.

ఇంట్లో చప్పుడు లేదు. వాన పడితే రేకుల మీద చప్పుడే నాకు మాటా ముచ్చటా. మీరు వేళకు తినండి.

మీ రాజమణి


బొంబాయి,
శ్రావణం

ప్రియమైన రాజమణికి,

పచ్చబొట్లామె వాకిట్లోకి వస్తే అటకెక్కి కూర్చున్నదానివి, నువ్వా! మీ అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. ఏం పొడిపించావు, నా పేరేనా? మొగని పేరు నోటితో చెప్పరాదని చేతి మీద రాయించావా? నా పేరేనని ఓదెలు దగ్గర గొప్పలు పోయాను.

కానీ మళ్లీ చదివితే కోపం వచ్చింది. సూది ముచ్చట రాశావు, వాన ముచ్చట రాశావు, బిడ్డ ముచ్చట ఒక్క ముక్క లేదు. ముక్కు నాదా, నీదా? నవ్వడం నేర్చిందా? పచ్చి బాలెంతవు, నీ చేయి వాస్తే దాన్ని ఎవరు ఎత్తుకుంటారు? ఇంట్లో చప్పుడు లేదని రాశావు. పసిపిల్ల ఉన్న ఇంట్లో చప్పుడు లేకపోవడమేమిటి? వెంటనే జవాబు రాయి. నాకు ముద్ద దిగడం లేదు.

నీ ఇస్తారి


అమీర్‌పేట,
భాద్రపదం

మీకు నమస్కారం.

బిడ్డ లేదు. నాగులపంచమి ముందు రోజు పోయింది. జ్వరం వచ్చి పాలు తాగడం మానేసింది. పక్కింటి మంగవ్వ పసరు పోసింది. తగ్గకపోతే ఎత్తుకొని దవాఖానకు ఉరికాను. ఖైరతాబాదు రాకముందే నా చేతుల్లోనే కళ్లు మూసింది. మంగవ్వ పెనిమిటి కనకయ్య ఎర్రమంజిల్ గుట్ట వెనుక పెట్టి వచ్చాడు. "ఆడోళ్లు రావద్దు బిడ్డా" అని నన్ను రానివ్వలేదు. ఏ రాయి పక్కన పెట్టాడో నాకు తెలియదు.

మీకు రాయాలని రెండుసార్లు కూర్చొని లేచాను. మీ ఉత్తరంలో అది ఇంకా తొట్టెలోనే ఉన్నది. అక్కడి నుంచి కూడా దాన్ని తీసెయ్యడం నాతో కాలేదు. కోపం చేయకండి.

ఆ రోజు లచ్చమ్మ మసి నూరుతూ, "ఈ మసిల చనుబాలు కలుపాలె. మీ వాడకట్టుల బాలెంత ఎవలన్న ఉంటే ఇన్ని అడుక్కరాపో" అన్నది. నేను అటు తిరిగి చిప్పలో నా పాలే పిండి ఇచ్చాను. రవికె రోజూ తడుస్తూనే ఉన్నది. పాలకు తెలియదు కదా బిడ్డ పోయిందని. లచ్చమ్మ నా ఒట్టి ఒడి చూసి, పాలు మసిలో పోసింది. కలుపుతూనే, "సొమ్ములన్ని ఈడనే ఉంటయి బిడ్డా, పచ్చబొట్టొక్కటే ఎంట వస్తది" అన్నది. అందుకే వచ్చానవ్వా అన్నాను.

మీ పేరు కాదు. ఎడమ చేతి మీద, దాని తల ఆనే చోట, చిన్న తొట్టె పొడిపించుకున్నాను. "కింద పేరు రాసియ్యి, పొడుస్త" అన్నది. ఏం రాసిస్తాను? నేను పిలుచుకున్న చిట్టవ్వ పేరు కాదు కదా. అసలు పేరు మీ దగ్గరే ఉన్నది. జాగా విడిచిపెట్టమన్నాను.

మీ రాజమణి


బొంబాయి

ప్రియమైన రాజమణికి,

రజా అడగలేదు. పని పోతే పోనీ. ఇవాళే బండి ఎక్కుతున్నాను, ఈ ఉత్తరం ముందు చేరుతుందో నేనే ముందు చేరుతానో. కనకయ్యను వెంటబెట్టుకొని గుట్ట వెనక్కి పోదాం. నువ్వూ వస్తావు. ఎవరు వద్దంటారో నేను చూస్తాను.

పేరు ఇప్పుడు కూడా కాగితం మీద రాయను. దాని చెవిలో చెప్పాల్సింది నీ చెవిలో చెబుతాను. ఆ తర్వాత పంజాగుట్ట పోదాం. లచ్చమ్మ మోకాళ్ల మధ్య ఇరికించుకోనక్కర్లేదు. ఈసారి నీ చేయి నేను పట్టుకుంటాను.

నీ ఇస్తారి