మంచిగున్నం సార్

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ మాదాపూర్ ఆఫీసు మేనేజరు ఏమీ మారలేదు. ఇద్దరు పరీక్షించందే ఒక్క లైను కోడ్ బయటికి పోనివ్వడు. షుగరంతా మందుల కంపెనీల నాటకమని ఎవడో పంపిన మెసేజిని మాత్రం కళ్లు మూసుకుని పదిమందికీ పంచుతాడు. ఇంజనీరువై ఉండి నువ్వూ అది నమ్మి ఇన్సులిన్ మానేశావు.

పొద్దున నీ ఫోన్ చార్జింగ్ పెట్టి చూశాను. వాడు నడిపే ఆరోగ్యం గ్రూపులో నువ్వింకా ఉన్నావు.

"మందులు బంద్ చేసినోళ్లు ఎట్లున్నరో జర చెప్పుండ్రి" అని అడిగాడు.

"మంచిగున్నం సార్" అని వరసగా జవాబులు.

"చూసిండ్రా, ఒక్కరన్న బాగలేదన్నరా? ఈ జవాబులు మీ డాక్టర్లకు చూపించుండ్రి!"

నీ ఫోన్ నా చేతిలోనే ఉంది. నువ్వు నోరు మెదపకపోవడాన్ని కూడా ఆ మహానుభావుడు రుజువు కింద రాసుకున్నాడు.

నీ చెల్లి