శివారు చేనుకే మొదటి మాట

నాన్నగారూ,

ఇవాళ మీ ఆబ్దికం. నిన్న అమలాపురం కాలేజీలో పిల్లలు తలో దేశం తరఫున కూర్చుని ఉత్తుత్తి ఐక్యరాజ్యసమితి నడిపారు. అధ్యక్షురాలు మీ మనవరాలే. సముద్రం పెరిగి దీవులు మునుగుతున్నాయని చర్చ. పెద్ద దేశాల పిల్లలు నేను ముందంటే నేను ముందని మైకు కోసం కొట్టుకున్నారు.

"ఆగండి! కాలవ గట్టు మీద నీళ్ళ తగువులు తీర్చేటప్పుడు మా తాతయ్యగారు శివారు చేనాయన్నే ముందు మాట్లాడమనేవారండి. నీళ్ళు ఆఖర్న అందేది ఆయనకే కదండీ," అంది.

"ఆయ్, చెప్తానండి," అంటూ ఓ చిన్న దీవి తరఫున అంతర్వేది పిల్ల లేచింది. అగ్రరాజ్యాలన్నీ నోరు మూసుకుని విన్నాయి.

ఎగువ చేను మనదైనా మీరెందుకు ఆఖర్న మాట్లాడతారని ఎన్నిసార్లు పోట్లాడాను! నిన్న ప్రపంచమంతా మీ కాలవ గట్టు మీద కూర్చుంది. నాకే కూర్చోబుద్ధి కాలేదు నాన్నగారూ, చివరిదాకా నిలబడే విన్నాను.