మూడు మొక్కులు

పుంగనూరు,
14-8-2003

చిరంజీవి నీరజను అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం, మన ఎనుము కులాసా. కుప్పంలో నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

నా మోకాలు తగ్గింది. నువ్వు పంపిన తైలం సగం మీ నాయనే పూసుకున్నాడు. మన వైపు ఆడామగా ఎట్లా బతికారో, ఏం కట్టుకున్నారో, ఎవరి మీద మనసుపడ్డారో పాత కాగితాల్లో, ఫోటోల్లో వెతుకుతున్నానని రాశావు కదా. పక్కింటి బయ్యమ్మకు చెప్పాను. గంగమ్మ జాతరలో మొక్కుకు చీర కట్టిన తన మొగుడి ఫోటో ఒకటి ఉందట, మీసంతో సహా. పంపమంటావా అంటోంది.

మీ అన్న కిరణ్ ఫోటోలు మూడూ ఇన్నాళ్లూ బియ్యం డబ్బాలో భద్రంగా ఉన్నాయి. యూనివర్సిటీలో దాచిపెడతాం, ఏ ఏడు ఏ మొక్కుకు చీర కట్టాడో వెనక రాసి పంపమన్నావు. అక్కడే చిక్కు వచ్చింది తల్లీ.

మొదటి ఏడు టైఫాయిడ్‌కు మొక్కానని అందరికీ చెప్పాను. రెండో ఏడు వాడికి తుమ్ము కూడా రాలేదు. ఎనుము ఈనలేక అవస్థపడితే మొక్కానన్నాను. "ఎనుము ఈనితే వీడు చీర కట్టేదేందే?" అని మీ నాయన ఎగాదిగా చూశాడు. మూడో ఏడు బోరులో నీళ్లకని చెప్పాను.

నేను గంగమ్మకు ఒక్కటీ మొక్కలేదు నీరజా. వాడే అడిగాడు. నేను రాగులు చెరుగుతుంటే పక్కన కూర్చుని, "అమా, జాతరకు నేనూ చీర కట్టుకుంటాను. ఊరికే. నాకు ఆశగా ఉండాది" అన్నాడు. ఊరికే అంటే నవ్వుతారు. మొక్కంటే దండం పెడతారు. అందుకే అబద్ధమాడాను. నా కనకాంబరం రంగు చీర వాడికి కట్టాను. కుచ్చిళ్లు వాడే సర్దుకున్నాడు, నాకంటే బాగా. స్టూడియోలో వాణ్ని నవ్వమని చెప్పే పనే పడలేదు.

నాలుగో ఏడూ అడిగాడు. సంబంధాలు వస్తున్నాయి, ఇంక చాలు నాయనా అన్నాను. సరేలేమా అన్నాడు. ప్యాంటూ చొక్కాతో జాతరలో ఒక పక్కన నిలబడ్డాడు. ఆ వానాకాలమే జ్వరం వాణ్ని తీసుకుపోయింది. మూడు అబద్ధాలాడిన నోటికి నాలుగోది రాకపోయెనే అని ఇప్పటికీ కుమిలిపోతాను.

మళ్లీ మొక్కని రాస్తే నీ చదువులో అబద్ధం చేరుతుంది. నిజం రాస్తే మీ నాయన ఏమంటాడోనని భయం. నిన్న మధ్యాహ్నం వడ్డిస్తూ చెప్పేశాను.

ఆయన సంగటి తుంచుతూ, "బోరు మొక్కన్నప్పుడే తెలుసులే. ఆ బోరు పూడ్చి అప్పటికే రెండేండ్లు" అన్నాడు.

మరి యాల అడగలేదన్నాను.

"వాడు అంత సంతోషంగా ఉంటే ఏమని అడిగేది?"

ఇద్దరం నవ్వాము, ఏడ్చాము. సంగటి చల్లారిపోయింది.

ఫోటోలు ఈ జాబులోనే పెట్టాను. మూడింటి వెనకా ఒకే మాట రాశాను: "మొక్కు లేదు. కిరణ్ ఆశపడ్డాడు. వాళ్లమ్మ కట్టింది." ఆఖరి దాని మీద మీ నాయన పెన్ను లాక్కుని కింద ఇంకో మాట చేర్చాడు: "నాయన సూసినాడు."

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
చెంగమ్మ