గ్రౌండుకు నీ పేరు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మీ కాలేజీ కరస్పాండెంటు పోయిన వారం శాలువా పట్టుకుని పాకాలలో మన ఇంటికి వచ్చాడు. "గ్రౌండుకు సార్ పేరు పెడతా ఉండామమ్మా. నువ్వే వచ్చి బోర్డు తెరవాల" అన్నాడు. ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండు జట్లకూ నువ్వే కోచ్‌గా ఉన్నన్నాళ్లూ ఒక్క బ్యాటు కొనివ్వని మనిషికి ఇప్పుడింత ప్రేమెందుకు? నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఈ రోజు వెళ్లాను. జారి పడితే పిల్లకాయల మోకాళ్లు చీరుకుపోతాయని, ఆటకు ముందు నువ్వు చెప్పులు విడిచి గ్రౌండంతా నడుస్తూ రాళ్లు ఏరేవాడివి కదా. నేనూ చెప్పులు విడిచాను.

"కాళ్లు కాలతాయి, ఆ పక్కకు పోవద్దమ్మా" అన్నాడాయన.

ఆ పక్కకే పోయాను. అడుగడుగునా రాళ్లు. బ్యాటింగ్ చేసే చోటికి అడ్డంగా కొత్త సున్నం గీత, దాని చివర కొయ్య మేకులు.

"ఇదేంది సార్?"

"హాస్టలు కడతా ఉండామమ్మా. దానికీ మీ నాయన పేరే పెడతాము."

"మరి పిల్లకాయలు యాడ ఆడాల?"

ఆయన ఫొటోగ్రాఫర్‌ని పిలిచి, బోర్డు పరదా తాడు నా చేతిలో పెట్టాడు.

"ముందు రాళ్లు ఏరాల సార్" అని తాడు ఆయనకే ఇచ్చేసి వంగాను. నీ పాత ఆటగాళ్లు కొందరు బూట్లు విప్పి నా వెనకే వచ్చారు. కెమెరా కూడా వాళ్ల వెనకే వచ్చింది.

రేపు పొద్దున మళ్లీ వెళతాను. కెమెరా లేనప్పుడు ఎవరు వంగుతారో చూడాలి.